మందు ఎంపికలో రోగి మాటే కీలకం
తీవ్ర కుంగుబాటుకు చికిత్స: వైద్యుని వద్దకు వెళ్లే ముందు ఒక కాగితం సిద్ధం చేసుకోవాలి

విజయనగరం: తీవ్రమైన మానసిక కుంగుబాటుకు లోనైన వ్యక్తికి వైద్యుని ఎదుట నాలుగు మాటలు చెప్పడం కూడా కష్టమే. మతిమరుపు, ఏకాగ్రత లేకపోవడం, ఏ నిర్ణయమూ తీసుకోలేకపోవడం ఈ జబ్బు లక్షణాలే. తెల్లవారుజామున ఊరి నుంచి బస్సెక్కి, ఓపీ చీటీ తీసుకుని, వరుసలో నిలిచి లోపలికి చేరేసరికి చెప్పదలచినది కాస్తా మరచిపోతారు. 'నీరసంగా ఉంది, నిద్ర పట్టడం లేదు' అని సరిపెడతారు. ఆ రెండు మాటల ఆధారంగానే మందు రాయవలసి వస్తే అది ఆ రోగికి తగినది కాకపోవచ్చు. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ పెద్దాసుపత్రికి వెళ్లినా, విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్లినా ముందు రోజే ఇంటి వద్ద ఒక కాగితంపై వివరాలు రాసుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది.

జబ్బని గుర్తించక..
2015-16లో బెంగళూరులోని నిమ్హాన్స్ 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటు బారిన పడుతున్నారు. వీరిలో సుమారు 85 శాతం మందికి చికిత్స అందడం లేదు. పల్లెల్లో దీనిని జబ్బుగా చూసేవారు తక్కువ. తల బరువు, గుండె దడ, ఒళ్లు నొప్పులు అంటూ సెలైన్లు, బలం ఇంజెక్షన్లతో నెలలు గడిచిపోతాయి. గాలి సోకిందని తాయెత్తులు కట్టించేవారూ ఉన్నారు. దిగులు, దేనిపైనా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి కొనసాగుతూ పనులు చేసుకోలేని స్థితి వస్తే మానసిక వైద్యుని సంప్రదించాలి.

కాగితంపై ఏమి రాయాలి?
రోగి రాయలేకపోతే ఇంటిలో ఒకరు అడిగి రాయాలి. వీలైతే వారే వెంట వెళ్లాలి.
* బాధ ఎప్పుడు మొదలైంది? నిద్ర, ఆకలి, బరువు ఎలా మారాయి? ఏ పనులు ఆగిపోయాయి?
* చనిపోవాలన్న ఆలోచన వస్తోందా? ఇది దాచకూడదు. మందు ఎంపిక, ఎన్ని రోజులకు ఇవ్వాలన్నది దీనిపైనే ఆధారపడి ఉంటుంది.
* గతంలో కొన్ని రోజులపాటు నిద్ర అవసరం లేనంత హుషారు, అతిగా మాట్లాడటం, విపరీతంగా ఖర్చు చేయడం వంటివి జరిగాయా? అలాంటివారికి కుంగుబాటు మందు మాత్రమే ఇస్తే ఉన్మాద స్థితికి దారి తీయవచ్చు.
* ఇంతకుముందు వాడిన మందులేవి? ఏది పనిచేసింది, ఏది పడలేదు? ఇంటిలో మరెవరికైనా ఇదే జబ్బు వచ్చి ఉంటే వారికి ఏ మందుతో నయమైంది?
* బీపీ, షుగరు, థైరాయిడ్, గుండెజబ్బు, మూర్ఛ ఉన్నాయా? ప్రస్తుతం వాడుతున్న అన్ని మందుల పేర్లు, నాటు మందులతో సహా రాయాలి. పాత చీటీలు, ఖాళీ మాత్రల అట్టలు తీసుకువెళ్లాలి.
* మద్యం అలవాటు ఎంత? మహిళలైతే గర్భం, పాలిచ్చే బిడ్డ ఉన్న విషయం తప్పక చెప్పాలి.

మందులు అన్నీ ఒకటి కావు
ప్రస్తుతం వైద్యులు సాధారణంగా ముందుగా రాసేవి ఫ్లూఆక్సిటిన్, సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ తరగతి మందులు. తొలి రోజులలో వికారం, తలనొప్పి, కంగారు కలగవచ్చు. చాలామందికి ఇవి ఒకటి రెండు వారాలలో తగ్గుతాయి. కొందరిలో లైంగికాసక్తి తగ్గుతుంది. సిగ్గుపడి ఈ విషయం చెప్పక మందు మానేయడం కంటే చెప్పి మార్పించుకోవడం మేలు. నిద్ర, ఆకలి లేనివారికి మిర్టాజపిన్ అనుకూలించవచ్చు, అయితే బరువు పెరిగే అవకాశం ఉంది. ఎమిట్రిప్టిలిన్, ఇమిప్రమిన్ వంటి పాత మందులు చవకే అయినా గుండెజబ్బు, నీటికాసులు ఉన్నవారికి తగవు. మోతాదు మించితే ప్రాణాపాయం. ప్రాణాలు తీసుకోవాలన్న ఆలోచన ఉన్నవారి మందులను ఇంటిలో మరొకరు దాచి, ఏ పూటకాపూట ఇవ్వాలి.

మందుతో పాటు కౌన్సెలింగ్ తీసుకుంటే ఫలితం మెరుగ్గా ఉంటుంది. తిండి మానేసి ప్రాణాపాయ స్థితికి చేరినవారికి విద్యుత్ చికిత్స సూచించవచ్చు. 'కరెంటు షాక్' అన్న మాట విని బెదిరిపోనక్కరలేదు. మత్తు ఇవ్వకుండా ఈ చికిత్స చేయడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

అడగవలసిన ప్రశ్నలు
* ఈ మందే ఎందుకు? దీనికి బదులు మరేమి ఉన్నాయి?
* ఎన్నాళ్లకు గుణం కనిపిస్తుంది? ఎన్నాళ్లు వాడాలి?
* ఏ ఇబ్బంది వస్తే వెంటనే రావాలి?
* ఒక పూట మరచిపోతే ఏమి చేయాలి?
* ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా దొరుకుతుందా? బయట కొంటే నెలకు ఎంతవుతుంది?
* పొలం పని, వాహనం నడపడం కొనసాగించవచ్చా?
చికిత్స వివరాలను, దుష్ఫలితాలను రోగికి అర్థమయ్యే భాషలో తెలపాలని పైన పేర్కొన్న చట్టమే చెబుతోంది. కనుక అడగడానికి జంకనవసరం లేదు.

పది రోజులకే మానేస్తే నష్టం
కుంగుబాటు మందు తలనొప్పి మాత్రలా వెంటనే పనిచేయదు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. దుష్ఫలితాలు ముందు, ఉపశమనం తరువాత రావడం వలన చాలామంది పది రోజులకే మానేస్తారు. నయమైన తరువాత కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, లేకుంటే తిరగబెట్టే ప్రమాదం ఉంది. ఇవి మత్తుకు బానిసను చేసే మందులు కావు. అయినా ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, కంగారు వస్తాయి. వైద్యుని సలహాపై క్రమంగా తగ్గించాలి. అలవాటుగా మారేవి ఆల్ప్రజోలమ్ వంటి నిద్ర మాత్రలు. వాటిని చీటీ లేకుండా కొని వాడరాదు.

పాతికేళ్ల లోపు వారిలో మందు మొదలుపెట్టిన తొలి వారాలలో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది. ఆ సమయంలో ఇంటివారు కనిపెట్టి ఉండాలి. అకస్మాత్తుగా ఆందోళన, నిద్రలేమి, చిరాకు పెరిగితే తదుపరి తేదీ దాకా ఆగక వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి.

ఆపద వేళ
చనిపోవాలన్న ఆలోచన బలపడినపుడు మనిషిని ఒంటరిగా వదలరాదు. పురుగుమందులు, మాత్రలు అందుబాటులో లేకుండా చూడాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా లభిస్తుంది. తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రాణాపాయం ఉంటే 108కి ఫోను చేసి దగ్గరలోని ఆసుపత్రికి తరలించాలి.