తాతయ్య కంట్లో పైపు పని

ద్వారకా నగర్‌లోని పౌర గ్రంథాలయానికి తాతయ్య రోజూ నడిచెళ్లి పేపర్లన్నీ చదివేవారు. నీటికాసులకి ఆపరేషన్ అయిన నాలుగు నెలలకి కంటి ప్రెషర్ మళ్లీ 28కి చేరింది. 21 దాటితేనే ఎక్కువంటారు. "కోశారు కదరా, మళ్లీ ఏంటి?" అన్నారు.

మెకానికల్ వాణ్ణి కదా, పైపుల భాషలో చెప్పాను. కంట్లో నీరు ఊరుతూనే ఉంటుంది. అది బయటికి పోయే దారి బిగుసుకుంటే ప్రెషర్ పెరిగి కంటి నరం దెబ్బతింటుంది. 1968లో కెయిర్న్స్ వివరించిన ట్రాబెక్యులెక్టమీలో తెల్లగుడ్డు అంచున కొత్త దారి తీస్తారు. నీరు పై పొర కింద బుడగలా చేరి ఇంకిపోతుంది. ఆ బుడగే బ్లెబ్.

చిక్కేమిటంటే, శరీరానికి అదొక గాయం. మాన్పేస్తుంది! ఎక్కడైనా గాయం మానితే సంతోషిస్తాం, ఇక్కడ మానితే దారి మూసుకుపోతుంది.

అప్పుడు సన్నని సూదితో ఆ మచ్చని తెంచి, మళ్లీ అతుక్కోకుండా మైటోమైసిన్ లాంటి మందు వేస్తారు. చాలామందికి ప్రెషర్ దిగుతుంది. ఎన్నాళ్లుంటుందో మనిషిని బట్టి. కొందరికి రెండోసారి సూది, కొందరికి మళ్లీ చుక్కలు. బ్లెబ్ లీకైతే పై పొర లాగి కుడతారు. లీకు ఆగాక ఒక్కోసారి ప్రెషర్ పెరుగుతుంది. బ్లెబ్ ఉన్న కన్ను ఎర్రబడి నొప్పెడితే మాత్రం ఆ రోజే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

నేను చెప్పడానికి జంకినది ఒకటుంది: ఇదంతా మిగిలిన చూపు కోసమే, పోయింది రాదు.

సూది తర్వాత ప్రెషర్ 14. తాతయ్య మళ్లీ లైబ్రరీకి వస్తున్నారు. హెడ్డింగులు ఆయనవి, మిగతాది నేను చదువుతాను.