టేబుల్ గుడ్డ మీద చేతికుట్టు



ఈసారి గోడపత్రికలో టేబుల్ గుడ్డ మీద చేతికుట్టు ఎలా మొదలుపెట్టాలో రాస్తున్నాను. మన ఇళ్ళల్లో టేబుళ్ళు ఎక్కడున్నాయి అని మీరు నవ్వుతారు. నిజమే. కానీ కుట్టు నేర్చుకోవటానికి నలుచదరం గుడ్డ అంత తేలికైనది లేదు. మెడ, చేతులు కత్తిరించే పని ఉండదు. కుట్టాక కూజా కింద అయినా, ట్రంకుపెట్టె మీద అయినా పరుచుకోవచ్చు.

కావలసినవి: మూరెడు తెల్ల నూలుగుడ్డ, ఎంబ్రాయిడరీ దారం లచ్చీలు, సూది, పెన్సిలు, రింగు. గుడ్డ కాస్త ముతకదైతే పోగులు కంటికి బాగా కనపడతాయి.

చేసే పద్ధతి:

1. గుడ్డని ముందే తడిపి ఆరేయాలి. కొత్త నూలుగుడ్డ తడిస్తే కుంచించుకుపోతుంది. కుట్టిన తర్వాత తడిపితే ముడతలు పడుతుంది.

2. ఎర్రదారం ముక్కని తడిపి తెల్లగుడ్డలో నొక్కి చూడాలి. రంగు అంటితే ఆ దారం వద్దు. నేను చూడకుండా కుట్టేశాను. ఉతికేసరికి గుడ్డంతా కారం నీళ్ళు పోసినట్టు అయ్యింది.

3. దారంలో ఆరు పోగులుంటాయి. రెండుగానీ మూడుగానీ తీసుకోవాలి. మూర కంటే పొడుగు వద్దు, చిక్కుపడుద్ది.

4. అంచు మడిచి పరుగుకుట్టు వేయాలి. గుడ్డ పోగులు లెక్కపెట్టి, ఆరు పోగులు పైన, ఆరు పోగులు కింద.

5. పువ్వుకి గొలుసుకుట్టు. సూది పైకి తీసి, దారాన్ని ఎడమ బొటనవేలితో ఉచ్చులాగా పట్టుకోవాలి. మళ్ళీ అదే చిల్లులో గుచ్చి, కొంచెం ముందుకి, ఉచ్చు లోపలినుంచి సూది తీయాలి. గట్టిగా లాగకూడదు.

6. అద్దాలు మూలల్లోనే కుట్టాలి. మధ్యలో కుడితే గిన్నె కుదురుగా నిలవదు.

పోగులు లెక్కపెట్టటం నాకు మా నాని నేర్పింది. నాని అంటే మా అమ్మమ్మ. మాది వినుకొండ వైపు సుగాలీ తండా. నానికి అక్షరాలు రావు. పెన్సిలు గీత లేకుండానే లెక్క తప్పకుండా కుడుతుంది. మిరపకోతకి పోయొచ్చిన రోజు మాత్రం దారం ముట్టదు. చేతుల మంట తగ్గదు కదా.

నాని పెళ్ళినాటి ఫేటియా అద్దాలతో మెరిసేది. ఫేటియా అంటే మా వాళ్ళ లంగా. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు స్టీలు సామాన్ల ఆయన వస్తే దాన్ని ఇచ్చి బేసిను తీసుకున్నాం. ఇచ్చేయమని చెప్పింది నేనే. అప్పుడు నాకు అది చూస్తే సిగ్గు. నాని ఏమీ అనలేదు. ఒక అంచు ముక్క మాత్రం కత్తిరించి దాచుకుంది. ఇప్పుడు నేను కుట్లు నేర్చుకునేది ఆ ముక్క చూసే.

మన పక్క కర్ణాటకలో సండూరు అనే ఊరుంది. అక్కడి లంబాడీ కుట్టుకి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జూలైలో హంపీలో 450 మందికి పైగా లంబాడీ ఆడవాళ్ళు కుట్టిన 1755 ముక్కలు ప్రదర్శిస్తే గిన్నిస్ రికార్డు ఇచ్చారు. మేము బేసినుకి ఇచ్చింది కూడా అలాంటి కుట్టే.

కాబట్టి స్నేహితులారా, సెలవులకి ఇంటికి పోయినప్పుడు పాతపెట్టె తెరిచి చూడండి. కుట్టుగుడ్డ ఉంటే అమ్మొద్దు. అది ఎవరు కుట్టారో వాళ్ళ పక్కన కూర్చుని ఒక్క కుట్టయినా నేర్చుకు రండి. నేను మళ్ళీ కుట్టిన గుడ్డ వార్డెన్ మేడమ్ గారి టేబుల్ మీద ఉంది. దాని అంచు నానిది. తప్పులు మాత్రం నావి.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి