కొండకు వచ్చు అతిథి – ఊరికి దక్కు ఆదాయము

మన ఏజన్సీ కొండలు, జలపాతములు చూచుటకు ఏటేటా పట్టణముల నుండి వేలకొలది జనులు వచ్చుచున్నారు. అరకులోయ, బొర్రా గుహలు, మారేడుమిల్లి ఇందుకు పేరుపడిన తావులు. అడవిని చెరుపక, అచటివారికి జీవనోపాధి కల్పించు యాత్రను పర్యావరణ పర్యాటకమందురు. వచ్చినవారి సొమ్ములో గిరిజన కుటుంబములకు దక్కునదెంత యన్నది ముఖ్యముగా భూమి ఎవరి చేతిలో నున్నదనుదానిని బట్టి యుండును.

భూమిని విడువరాదు

1959 నాటి భూబదిలీ రెగ్యులేషను, దానిని సవరించిన 1/70 ప్రకారము షెడ్యూల్డు ప్రాంతములోని భూమిని గిరిజనులకు, లేక గిరిజనులే సభ్యులుగా గల సహకార సంఘములకు తప్ప ఇతరులకు బదిలీ చేయుట చెల్లదు. అమ్మకమే కాదు, కౌలు, తాకట్టు, దానము కూడ బదిలీయే. బస కట్టుదుమని కౌలు పత్రము తెచ్చువారికి, మీ పేర కొని తాము అనుభవింపజూచు వారికి సంతకము చేయరాదు. ఇదివరకే భూమి చేయి దాటినచో స్పెషల్ డిప్యూటీ కలెక్టరుకు అర్జీ పెట్టుకొనవచ్చును.

ఆదాయమార్గములు

మారేడుమిల్లిలో అటవీశాఖ, వన సంరక్షణ సమితులు కలిసి అతిథులకు బస ఏర్పాట్లు చేసినవి. వంట, దారి చూపుట, కాపలా ఊరివారికి పనులగును. వెదురు బొంగులో కాల్చిన కోడిమాంసమునకు మంచి గిరాకి కలదు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. గింజగా అమ్ముటకంటె వేయించి, పొడిచేసి అతిథికే అమ్మిన ఎక్కువ ధర వచ్చును.

చేయవలసిన పనులు

1. గిరిజనులే సభ్యులుగా సహకార సంఘము పెట్టుకొని, గ్రామసభలో తీర్మానము చేయుడు.
2. రాబడి సంఘము ఖాతాలోనే జమచేసి, జమాఖర్చులు గ్రామసభలో చదివి వినిపింపుడు.
3. బస, భోజనముల రేట్లు పలకపై వ్రాసి పెట్టుడు. చెత్తను కొండమీద వదలనీయకుడు.
4. వెదురు పొదలలో కొత్త పిలకలను నరుకరాదు.
5. అతిథుల రద్దీయు, కాఫీ పండ్లు ఏరుటయు చలికాలముననే వచ్చును. ఏ ఇంటివారు ఏ పనికో ముందే పంచుకొనుడు. ఆలస్యమైన పండ్లు రాలిపోవును.

అతిథుల రాక ఏడాది పొడవునా ఒకే తీరున నుండదు. కావున సేద్యము మానక, దీనిని పై రాబడిగా చూచుకొనవలెను. గ్రామాధికారులు 1/70 నిబంధనలను గ్రామసభలో చదివి వినిపించినచో అనేక కుటుంబముల భూమి నిలుచును.