మగవారి ఛాతీలో రొమ్ము పెరిగినప్పుడు

మగవారి ఛాతీలోనూ పాలగ్రంథికి చెందిన కణజాలం కొద్దిగా ఉంటుంది. చనుమొన వెనక, నల్లని వలయం కింద, చేతికి తగలనంత చిన్నదిగా జీవితాంతం ఉండిపోతుంది. దాన్ని పెరగమని పురికొల్పేది ఈస్ట్రోజెన్, అదుపులో ఉంచేది టెస్టోస్టెరాన్. ఈస్ట్రోజెన్ ఆడవారి హార్మోనే అనుకుంటారు గానీ మగవారి ఒంట్లోనూ అది రోజూ తయారవుతుంది. కొవ్వులోనూ మరికొన్ని కణజాలాల్లోనూ ఉండే అరోమటేజ్ అనే ఎంజైమ్ మగ హార్మోన్లలో కొంత భాగాన్ని ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. ఈ రెంటి పాళ్లు తప్పి ఈస్ట్రోజెన్ ప్రభావం పైచేయి అయితే ఆ చిన్న గ్రంథి ఉబ్బి గట్టిపడుతుంది. వైద్యులు దీన్ని గైనకోమాస్టియా అంటారు. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారేదీ కాదు.

జీవితంలో మూడు దశల్లో ఇది సహజంగానే కనిపిస్తుంది. మొదటిది పుట్టిన కొత్తలో. తల్లి హార్మోన్ల ప్రభావంతో చాలామంది శిశువుల్లో, ఆడైనా మగైనా, రొమ్ములు కాస్త ఉబ్బుతాయి. కొందరికి పాలలాంటి చుక్కలూ వస్తాయి. కొన్ని వారాల్లో అదే సర్దుకుంటుంది. స్నానం చేయించేటప్పుడు ఆ పాలు పిండేయాలని పట్టుబట్టే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. అలా పిండితే చీము పట్టే ప్రమాదం ఉంది కాబట్టి చేయి పెట్టకుండా వదిలేయడమే సరైన పని. రెండోది యుక్తవయసు. 13, 14 ఏళ్ల అబ్బాయిల్లో దాదాపు సగం మందికి ఎంతో కొంత ఉబ్బు వస్తుంది, ముట్టుకుంటే నొప్పీ ఉంటుంది. ఆరు నెలల నుంచి రెండేళ్లలోపు ఎక్కువమందికి తగ్గిపోతుంది. మూడోది 50 దాటాక: టెస్టోస్టెరాన్ తగ్గుతుంది, ఒంట్లో కొవ్వు పెరుగుతుంది, మందుల సంచీ బరువెక్కుతుంది.

ఆ మందుల సంచీని తిరగేస్తే చాలాసార్లు జవాబు అందులోనే దొరుకుతుంది. గుండె, కాలేయ జబ్బుల్లో నీరు దిగడానికి ఇచ్చే స్పైరనోలాక్టోన్, పాత తరం అల్సర్ మాత్ర సిమెటిడిన్, ప్రోస్టేట్‌కు వాడే ఫినాస్టెరైడ్, బైకాల్యుటమైడ్, ఫంగస్‌కు వాడే కీటోకోనజోల్, మానసిక వ్యాధుల్లో ఇచ్చే రిస్పెరిడోన్, హెచ్‌ఐవీ మందుల్లో ఎఫావిరెంజ్ ఇందుకు పేరుపడ్డవి. మద్యంతో కాలేయం గట్టిపడ్డవారిలో హార్మోన్ల పాళ్లు ఎలాగూ తప్పి ఉంటాయి. పొట్టలో నీటికి స్పైరనోలాక్టోన్ మొదలుపెట్టాక ఛాతీ ఇంకా ఉబ్బుతుంది. ఇక జిమ్ములో కండల కోసం ఎక్కించుకునే స్టెరాయిడ్లది మరో కథ. బయటి నుంచి వచ్చిపడిన మగ హార్మోన్‌లో కొంత భాగాన్ని అరోమటేజ్ ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తుంది, సొంత వృషణాలేమో పని తగ్గించుకుంటాయి. మగతనం కనబడాలని వేసుకున్న సూది రొమ్ము పెంచుతుంది. ఇలా వచ్చినవారు డాక్టరు దగ్గర ఈ సంగతి దాస్తే పరీక్షలన్నీ దారి తప్పుతాయి.

థైరాయిడ్ అతిగా పనిచేయడం, కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్‌లో ఉండటం, పుట్టుకతో ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా ఉండే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్, వృషణాల్లో గడ్డలు కూడా కారణాలే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నిర్బంధ శిబిరాల నుంచి విడుదలై, మళ్లీ కడుపునిండా తినడం మొదలుపెట్టిన ఖైదీల్లోనూ వైద్యులు దీన్ని గమనించారు. ఆకలికి అణగిపోయిన హార్మోన్ల వ్యవస్థ తిరిగి లేచేటప్పుడు, యుక్తవయసులో మాదిరిగానే, కొన్నాళ్లు తడబడుతుంది. ఎంత వెతికినా కారణం తేలని కేసులూ తక్కువేం కాదు.

రోగ నిర్ధారణ వేళ్లతోనే మొదలవుతుంది. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, బొటనవేలు, చూపుడువేలు రొమ్ముకు రెండు పక్కలా పెట్టి, నెమ్మదిగా చనుమొన వైపు దగ్గరికి తెస్తారు. గ్రంథి పెరిగి ఉంటే సరిగ్గా చనుమొన కింద రబ్బరు బిళ్లలా గుండ్రంగా తగులుతుంది. వేళ్లు చనుమొన దాకా ఏ అడ్డూ లేకుండా కలిసిపోతే అది ఉత్త కొవ్వు. బరువు తగ్గితే తగ్గే రకం. ఈ తేడా తెలియకనే చాలామంది నెలల తరబడి దండీలు తీస్తారు. గ్రంథి ఉన్నవారికి దాంతో ఒరిగేదేమీ లేదు సరికదా, వెనక కండ పెరిగి గ్రంథి ఇంకా ముందుకు కనబడవచ్చు.

డాక్టరు వేళ్లు వెతికేది మరొకటి కూడా ఉంది. గడ్డ చనుమొన కింద కాక పక్కకు ఉండటం, ఒకవైపే రాయిలా గట్టిగా తగలడం, చర్మం లోపలికి లాక్కుపోవడం, చనుమొన నుంచి రక్తం, చంకలో బిళ్లలు క్యాన్సర్ అనుమానాన్ని లేపుతాయి. రొమ్ము క్యాన్సర్లలో మగవారివి ఒక శాతం లోపే. అయినా మగవారికి రాదన్న ధీమాతో ఆలస్యంగా వచ్చేవారు ఉన్నారు. అనుమానం ఉంటే మామోగ్రామ్, అల్ట్రాసౌండ్, సూదితో ముక్క తీసి పరీక్ష తప్పవు. ఛాతీ చూపించుకోవడానికి వెళితే వృషణాలు పరీక్షిస్తామనడం కొందరికి వింతగా ఉంటుంది గానీ, అక్కడి చిన్న గడ్డ మొదట బయటపడేది ఛాతీలో కావచ్చు. అవసరాన్ని బట్టి టెస్టోస్టెరాన్, ఎల్‌హెచ్, ఈస్ట్రాడయాల్, ప్రొలాక్టిన్, హెచ్‌సీజీ, థైరాయిడ్, కాలేయ, కిడ్నీ పరీక్షలు రాస్తారు. మిగతా అంతా మామూలుగా ఉన్న కుర్రాడికి ఈ జాబితా అంతా అక్కర్లేదు.

కారణమైన మందును డాక్టరు సలహాతో మారిస్తే, జబ్బును నయం చేస్తే, చాలామందిలో ఉబ్బు వెనక్కి పోతుంది. కొత్తగా వచ్చి నొప్పి పెడుతున్న దశలో టమాక్సిఫెన్ మాత్ర కొందరికి పనిచేస్తుంది. ఏడాది దాటితే గ్రంథి పీచుపట్టి గట్టిపడుతుంది, అప్పుడు ఏ మాత్రా దాన్ని పెద్దగా కరిగించలేదు. అక్కడి నుంచే కత్తి పని. యుక్తవయసు అబ్బాయిలకైతే ఎదుగుదల పూర్తయ్యేదాకా ఆగడమే మేలు. ముందే తీసేస్తే మళ్లీ పెరగవచ్చు. అయితే వదులు చొక్కాల మాటున దాక్కుంటూ, ఆటలకూ ఈతకూ దూరమై, బడి మానేసే స్థితికి వచ్చిన పిల్లవాడికి ‘ఆగితే పోతుంది’ అన్న మాట చాలదు. ఆ బాధనూ లెక్కలోకి తీసుకోవాలి.

ఈ శస్త్రచికిత్స కొత్తదేమీ కాదు. ఏడో శతాబ్దపు గ్రీకు వైద్యుడు, ఏజినా ద్వీపానికి చెందిన పౌలస్, రొమ్ము కింద నెలవంకలా కోసి లోపలిది తీసి కుట్టే పద్ధతిని రాసిపెట్టాడు. నేటి శస్త్రవైద్యులు ఎంత పెరిగింది, చర్మం ఎంత మిగిలింది అన్న రెండు విషయాలు చూసి పద్ధతి ఎంచుకుంటారు. 1973లో సైమన్, సహచరులు చేసిన వర్గీకరణ ఇప్పటికీ వాడుకలో ఉంది. చిన్న ఉబ్బు మొదటి దశ. మధ్యస్థంగా పెరిగి చర్మం సాగనిది, సాగినది రెండో దశలోని రెండు భాగాలు. బాగా పెరిగి చర్మం వేలాడేది మూడో దశ.

ఆపరేషన్‌కు ముందు నిలబెట్టే గీతలు గీస్తారు. పడుకుంటే కొవ్వు పక్కలకు జారి లెక్క తప్పుతుంది. తర్వాత మత్తు ఇచ్చి, సెలైన్‌లో లిడోకైన్, అడ్రినలిన్ కలిపిన ద్రవాన్ని ఛాతీలోకి ఎక్కిస్తారు. రక్తనాళాలు ముడుచుకున్నాక సన్నని గొట్టంతో కొవ్వును లాగేస్తారు. ఇదే లైపోసక్షన్. గ్రంథి పీచులాంటిది కాబట్టి గొట్టంలోంచి తేలిగ్గా రాదు. దానికి నల్లని వలయం కింది అంచున అర్ధచంద్రాకారంలో కోత పెడతారు. 1946లో వెబ్‌స్టర్ వివరించిన ఈ కోత నల్లని వలయం, మామూలు చర్మం కలిసే గీతలో కలిసిపోయి మచ్చ అంతగా కనబడదు.

అసలు నేర్పు తీయడంలో కన్నా వదిలేయడంలో ఉంది. గ్రంథి మొత్తం తీసేస్తే చనుమొన గుంటలా లోపలికి పోయి కండకు అతుక్కుంటుంది, అది ఉబ్బు కన్నా ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. అందుకే చనుమొన కింద సుమారు సెంటీమీటరు మందాన పలచని పొరను ఉంచి, అంచులను చుట్టూ ఉన్న కొవ్వులోకి కలిసేలా సరిచేస్తారు. రెండో దశలో సాగిన చర్మం ఆరు నెలల్లో కొంత ముడుచుకుంటుంది కాబట్టి వెంటనే కోసేయరు. బాగా వేలాడేదైతే తీయక తప్పదు, అప్పుడు మచ్చలూ పెద్దవే. తీసిన గ్రంథిని పాథాలజీ పరీక్షకు పంపుతారు.

చాలామంది అదే రోజు లేదా మర్నాడు ఇంటికి వెళ్తారు. నాలుగు నుంచి ఆరు వారాలు బిగుతు బనీను వేసుకోవాలి, బరువులు ఎత్తకూడదు. ఎక్కువగా వచ్చే ఇబ్బంది చర్మం కింద రక్తం గూడుకట్టడం. అందుకే రక్తాన్ని పలుచబరిచే మాత్రలు వాడేవారు ముందే చెప్పాలి. పొగతాగేవారు మానాలి. చనుమొన కొన్నాళ్లు తిమ్మిరిగా ఉండవచ్చు, రెండు వైపులా కాస్త తేడా రావచ్చు. ఛాతీ మీద మచ్చ ఉబ్బి కెలాయిడ్ అయ్యే తత్వం ఉన్నవారు ఆ సంగతి ముందే చర్చించాలి. బీమా సంస్థలు దీన్ని అందం కోసం చేయించుకునే చికిత్సగా లెక్కగట్టి సొమ్ము నిరాకరించడం మామూలే కనుక పాలసీ పత్రం ముందే చదువుకోవాలి. గ్రంథి తీసేశాక సాధారణంగా తిరిగి రాదు. స్టెరాయిడ్ సూదులు మళ్లీ మొదలుపెట్టినవారికి మాత్రం ఆ మిగిల్చిన పలచని పొర నుంచే మళ్లీ పెరగవచ్చు.