గాలి ఆగిన ఆర్గను

ఒక సంఘము తన దేవాలయమును విడిచి వెళ్లినప్పుడు బల్లలను, గంటను మరో సంఘము తీసుకొనవచ్చును. మరి గోడంత ఎత్తున నిలిచిన పైపు ఆర్గను ఏమవుతుంది?

కొలిమిని చూచిన విశాఖ వాసులకు ఈ వాద్యము సులభముగా అర్థమవుతుంది. కొలిమికి వలెనే దీనికీ తిత్తి కావాలి. తిత్తి నుండి గాలి ఒక పెట్టెలోనికి చేరుతుంది. మీట నొక్కగానే ఆ గాలి గొట్టములోనికి వెళ్లి స్వరమవుతుంది. గొట్టములు వందలు, ఒక్కోచోట వేలు. లోతైన స్వరమిచ్చే గొట్టము 16 అడుగులు కూడా ఉంటుంది.

వాయించేవారు లేకపోతే తిత్తి తోలు ఎండి చిట్లుతుంది, చెక్కకు చెదలు పడతాయి. గొట్టములలోని తగరమునకు, సీసమునకు తుక్కు వెల ఉంది. 1917లో జర్మనీ ప్రభుత్వము యుద్ధము కొరకు ఆర్గనుల ముందువరుస తగరపు గొట్టములను తీసుకున్నది. సంఘములుండగానే అట్లు జరిగితే, అడిగేవారు లేనిచోట ఏమగును?

రెండవ మార్గము, తరలించుట. ప్రతి గొట్టమునకు సంఖ్య వేసి, చుట్టి, పెట్టెలలో సర్ది, కొత్త చోట మళ్లీ శ్రుతి చేస్తారు. అమెరికాలో ఇట్టి ఆర్గనులకు కొత్త ఇల్లు వెదకుటకు 1961లో ఆర్గన్ క్లియరింగ్ హౌస్ ప్రారంభమైనది.

మూడవది అన్నిటికన్నా మేలు. చెన్నై ఎగ్మూరులోని సెయింట్ ఆండ్రూస్ కర్క్‌ను స్కాట్లాండు వారి కొరకు కట్టి 1821లో ప్రతిష్ఠించారు. 1883లో ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డుకు చెందిన కోనాకర్ వారి ఆర్గను అక్కడ అమర్చారు. స్వాతంత్ర్యము తరువాత ఆ దొరలు వెళ్లిపోయారు, భారతీయ సంఘము ఆ బల్లలపై కూర్చుంది. ఆర్గను అక్కడే నిలిచింది. ఎవరు కొన్నారన్నది కాదు, ఎవరు వాయించారన్నదే దానిని కాపాడింది.

మనది ఓడరేవు పట్టణము. 1805లో మిషనరీలు క్రాన్, డెస్ గ్రాంజెస్ ఇక్కడికి వచ్చారు. ఆనాటినుండి ఎందరో వచ్చారు, వెళ్లారు. మన ఆలయములలో ఆర్గను లేకున్నా హార్మోనియమైనా ఉంటుంది. కాబట్టి వెళ్లేముందే వస్తువుల పట్టిక వ్రాయండి. తిత్తిని, తోలును బాగుచేయించండి. ఎవరికి అప్పగిస్తున్నారో కాగితముపై పెట్టండి. అన్నిటికీ మించి, ఒక యౌవనస్థునికి వాయించుట నేర్పండి. తాళము వేసిన గది వాద్యమును కాపాడలేదు, నేర్చిన చేతులే కాపాడతాయి.