మూర్ఛవ్యాధి వంశపారంపర్యమేనా?

పెళ్లి సంబంధం ఖాయం చేసుకునే ముందు చాలా ఇళ్లలో గుట్టుగా సాగే ఆరా ఒకటుంది. "వాళ్ల వంశంలో ఎవరికైనా ఫిట్స్ ఉన్నాయా?" అని. ఉన్నాయని తెలిస్తే చాలు, పిల్ల ఎంత చక్కనిదైనా, ఎంత చదువుకున్నా మాటలు అక్కడితో ఆగిపోతాయి. ఈ భయంలో నిజమెంతో చూద్దాం.

మన మెదడులోని నాడీకణాలు సన్నటి విద్యుత్ సంకేతాలతో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. గ్లుటమేట్ అనే రసాయనం ఆ సంకేతాలను ఎగదోస్తుంది. గాబా అనే రసాయనం వాటిని అదుపులో ఉంచుతుంది. పాలు కాస్తున్నప్పుడు మంట పెంచడం, తగ్గించడం లాంటిదే ఇది. తగ్గించే ఏర్పాటు బలహీనపడితే పాలు పొంగినట్టే, ఒక్కసారిగా బోలెడన్ని కణాలు రేగిపోయి ఫిట్స్ వస్తాయి.

ఈ ఏర్పాటు ఎలా ఉండాలో కొంతవరకు జన్యువులు నిర్ణయిస్తాయి. ఎస్.సి.ఎన్.1ఎ. అనే జన్యువు దెబ్బతింటే, ముఖ్యంగా అదుపు చేసే కణాలే మందగిస్తాయి. అప్పుడు డ్రావే సిండ్రోమ్ అనే తీవ్రమైన మూర్ఛ ఏడాది లోపు పిల్లల్లోనే మొదలవుతుంది. ఈ సంగతి 2001లో బయటపడింది. చాలామంది పిల్లల్లో ఈ మార్పు కొత్తగా ఏర్పడిందే తప్ప తల్లి నుంచో, తండ్రి నుంచో వచ్చింది కాదు. మరి "మీ పుట్టింటి నుంచి తెచ్చావు" అని కోడలిని ఆడిపోసుకోవడం ఎంత అన్యాయమో చూడండి!

ఇలాంటివి అరుదు. జన్యువుల వల్ల వచ్చే మూర్ఛల్లో ఎక్కువ భాగం, ఎన్నో జన్యువులు తలా కొంచెం కలిస్తే వచ్చేవే. తల్లికో తండ్రికో మూర్ఛ ఉన్నా వాళ్ల పిల్లల్లో నూటికి 90 మందికి పైగా అది రాదు. పైగా తలకు దెబ్బ తగిలినా, కాన్పు కష్టమై బిడ్డకు ఊపిరి అందకపోయినా, బద్దెపురుగు గుడ్లు ఆహారంతో కడుపులోకి చేరి మెదడులో తిత్తులు కట్టినా ఫిట్స్ రావచ్చు. అందుకే పచ్చిగా తినే కూరలు, ఆకులు శుభ్రంగా కడగాలి.

హిందూ వివాహ చట్టంలో ఒకప్పుడు మూర్ఛ పెళ్లికి అడ్డంకిగా ఉండేది. 1999లో ఆ మాట తీసేశారు. అసలు ప్రమాదం దాచడంలోనే ఉంది. అత్తవారికి తెలుస్తుందని కొత్త కోడలు మాత్రలు మానేస్తే ఫిట్స్ మళ్లీ వస్తాయి, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. సరైన మందులు వాడితే నూటికి 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకవచ్చు.

ఈ జాగ్రత్తలు గుర్తుంచుకోండి:

* పక్కింటివాళ్ల మాత్ర మీ బిడ్డకు వేయకండి. కార్బమజపిన్ చాలామందికి మేలు చేస్తుంది, డ్రావే పిల్లల్లో మాత్రం ఫిట్స్ పెంచవచ్చు.

* వాల్‌ప్రోయేట్ గర్భంలోని బిడ్డకు హాని చేస్తుంది. బిడ్డ కావాలనుకున్నప్పుడు ముందే డాక్టర్‌తో మాట్లాడండి. మీ అంతట మీరు మాత్ర ఆపకండి.

* ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టకండి, నోట్లో చెంచా దూర్చకండి. పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టండి. 5 నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.