ఆలస్యముగా వైద్యవిద్యకు బయలుదేరువారును, కర్బన రసాయన శాస్త్రమును

(ఒక పూర్వ విద్యార్థిని)

మన దేశమున వైద్యవృత్తిని కోరు బాలబాలికలు పదవ తరగతి ముగిసిన వెంటనే, అనగా పదునైదు పదునారేండ్ల ప్రాయముననే, తమ మార్గమును నిశ్చయించుకొనవలసియున్నది. ఇంటర్మీడియెట్‌లో బై.పి.సి. తీసికొన్నవారు వైద్యమునకును, ఎం.పి.సి. తీసికొన్నవారు ఇంజనీరింగునకును, తక్కినవారు తక్కిన చదువులకును పోవుదురు. ఒకసారి దారులు విడిపోయిన పిమ్మట మరల కలియుట యరుదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో పద్ధతి వేఱు. అచ్చట సామాన్యముగా మొదట నాలుగేండ్లు చదివి యొక పట్టము పొందవలెను. అది చరిత్రలోనైనను, సంగీతములోనైనను, వాణిజ్యములోనైనను సరియే. దానితోపాటు నిర్ణీతమైన విజ్ఞాన పాఠములు చదివి, ఎంకాట్ అను ప్రవేశపరీక్ష వ్రాసినవారు వైద్య కళాశాలకు దరఖాస్తు చేసికొందురు.

ఈ పద్ధతివలన నచ్చట నొక ప్రత్యేక విద్యార్థివర్గ మేర్పడినది. వేఱొక విద్య నభ్యసించి, కొన్నేండ్లుద్యోగము చేసి, సంసారము నేర్పఱచుకొని, పిదప వైద్యులు కావలెనని సంకల్పించినవారే వీరు. వీరిని ‘నాన్ ట్రెడిషనల్’ విద్యార్థులందురు. కొలంబియా, బ్రిన్ మార్ వంటి విద్యాసంస్థలలో పట్టభద్రులైన యిట్టివారికొఱకు విజ్ఞానపాఠములు ప్రత్యేకముగా నేర్పాటు చేయబడినవి. మఱికొందఱు తమ యూరి కళాశాలలో సాయంకాలపు తరగతులకు పోవుదురు.

నేనును అట్టిదానను. ఈ పాఠశాలలో చదివి, బి.కాం. ముగించి, వివాహానంతర మమెరికా వెళ్లి, ఎనిమిదేండ్లొక కార్యాలయములో లెక్కలు వ్రాసితిని. మా నాయనగారి చివరిదినములలో ఆసుపత్రియందు ఆయన మంచముప్రక్కన గడపిన మూడు వారములు నా మనస్సును మార్చినవి. ముప్పదిరెండవ యేట మరల పలకాబలపము పట్టితిని. సాధారణ రసాయనము, జీవశాస్త్రము ఎట్లో గట్టెక్కినవి. తరువాత వచ్చినది కర్బన రసాయన శాస్త్రము. దానిని గూర్చి నా కెవరైన ముందుగా చెప్పియున్న బాగుండెడిదని తోచిన విషయములనే యిచ్చట వ్రాయుచున్నాను.

భయమునకు కారణము

ఈ శాస్త్రము సామాన్యముగా రెండు అర్ధసంవత్సరములు, ప్రయోగశాలతో సహా, బోధింపబడును. మొదటిదానిలో వెనుకబడినవారు రెండవదానిలో నిలువజాలరు. ఇందులో వచ్చు శ్రేణిని వైద్య కళాశాలలవారు శ్రద్ధగా చూతురు. ఉద్యోగము వదలుకొని, కూడబెట్టిన సొమ్ము వెచ్చించి వచ్చినవాని కీ యొక్క విషయములో దెబ్బతగిలినచో సంకల్పమంతయు కూలిపోవునను భయము కలుగును. నాతో కూర్చున్నవారిలో కొందఱు సగములోనే మానివేసిరి. వారు మందమతులు కారు. వారిలో నొకామె ప్రతిరాత్రియు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి, నిద్రలేకయే తరగతికి వచ్చుచుండెను.

ఈ శాస్త్రమనగా నేమి?

కర్బనముతో కూడిన పదార్థముల శాస్త్రమే యిది. జీవశరీరములలో పుట్టు పదార్థములు ప్రాణశక్తివలననే కలుగునని పూర్వులు తలచిరి. 1828లో వోలర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు, మూత్రములోని యూరియాను ప్రాణితో పనిలేకయే ప్రయోగశాలలో చేసి చూపెను. ఆ నమ్మకము క్రమముగా సడలెను. కర్బన పరమాణువునకు నాలుగు బంధములు కలవు. అవి కాగితముమీద గీసిన కూడలివలె సమతలములో గాక, నాలుగు మూలలకు చాచిన చేతులవలె నుండునని 1874లో వాంట్ హాఫ్, లెబెల్ అనువారు వేఱువేఱుగా కనుగొనిరి. ఇట్టి పరమాణువులు గొలుసులుగను, వలయములుగను కలిసికొనుటచే లక్షలకొలది పదార్థము లేర్పడుచున్నవి.

లక్షల పదార్థములను కంఠస్థము చేయుట యెవరితరము? నేనాప్రయత్నమే చేసితిని. ఎక్కములు, పద్యములు వల్లెవేసి పెరిగినదానను గనుక, అట్టముక్కలమీద నొక్కొక్క చర్యను వ్రాసికొని రాత్రింబవళ్లు చదివితిని. మొదటి పరీక్షలో వచ్చిన అణువు నా యట్టముక్కలలో నొకదానియందును లేదు. నూటికి 41 మార్కులు వచ్చినవి. ఇంటికివచ్చి, పాత యుద్యోగము మరల దొరకునేమో యని విచారించితిని.

మఱునాడు ఉపాధ్యాయుని గదికి పోయితిని. ఆయన నన్ను మందలింపలేదు. నల్లబల్లమీద నొక అణువును గీసి, “ఇందులో ఎలక్ట్రాను లెక్కడ మిగులుగ నున్నవి? ఎక్కడ తక్కువగ నున్నవి?” అని మాత్ర మడిగెను. నేను చెప్పలేకపోతిని. అప్పుడు తెలిసినది, నాకు చర్యల పేర్లు వచ్చును గాని, చర్య యేల జరుగునో తెలియదని.

జమాఖర్చు

ఈ శాస్త్రమునకు మూలసూత్రము కొంచెమే. ఎలక్ట్రానులు మిగులుగ నున్న చోటునుండి కొఱతగ నున్న చోటునకు పోవును. ఆ పోకడను వంపు బాణముతో చూపుదురు. ఒకచోట ఖర్చు వ్రాసినది మఱొకచోట జమ కావలెను. తుదకు లెక్క సరిపోవలెను. ఎనిమిదేండ్లు నేను చేసిన పనియు నదియే గదా! ఈ మాట మనస్సునకు తట్టిన దినమునుండి ఆ గ్రంథము నాకు పరాయిది కాలేదు.

ఒక యుదాహరణము చెప్పెదను. ప్రయోగశాలలో మేము ఆస్పిరిను చేసితిమి. సాలిసిలిక్ ఆమ్లమును, అసిటిక్ ఎన్‌హైడ్రైడ్ అను ద్రవమును కలిపి, కొన్ని చుక్కలు గాఢామ్లము వేసి వెచ్చచేయవలెను. మొదటిదానిలోని యొక ఆమ్లజని పరమాణువునందు ఎలక్ట్రాను జంటలు మిగులు. రెండవదానిలోని యొక కర్బన పరమాణువునకు, ప్రక్కనున్న ఆమ్లజను లాగికొనుటచే, అవి కొఱత. మిగులు కొఱతను చేరును. అసిటైల్ అను చిన్న భాగ మొకదానినుండి యింకొకదానికి మాఱును. చల్లార్చగా తెల్లని స్ఫటికములు క్రిందికి దిగును.

ఇదియే పని మనుష్యశరీరములో మరల జరుగుచున్నది. రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు ప్లేట్‌లెట్లలో సైక్లో ఆక్సిజనేసు అను ఎంజైము కలదు. దానిలోని సెరీను అను భాగమునం దొక ఆమ్లజని పరమాణు వున్నది. ఆస్పిరిను తన అసిటైల్ భాగమును దాని కప్పగించును, ఎంజైము మూతపడును. ప్లేట్‌లెట్టునకు కేంద్రకము లేనందున క్రొత్త యెంజైమును తయారుచేసికొనజాలదు. కావున దాని జీవితకాలమైన 7 మొదలు 10 దినములవఱకు నది పనిచేయదు. గుండెపోటు వచ్చినవారికి వైద్యులు కొద్దిమోతాదు ఆస్పిరిను ప్రతిదిన మీయుటకు కారణ మిదియే. నల్లబల్లమీది వంపు బాణము, రోగి గుండెలోని రక్తనాళము వఱకు పోవుచున్నదని యెఱిగినపు డీ చదువు భారమనిపింపదు.

కుడి యెడమలు

కొన్ని అణువులు మన రెండు చేతులవలె నుండును. అద్దములోని ప్రతిబింబములే గాని, ఒకదానిపై నొకటి సరిపడవు. 1848లో పాశ్చరు టార్టారిక్ ఆమ్లమునకు సంబంధించిన లవణపు స్ఫటికములను భూతద్దముక్రింద కుడివి, ఎడమవి అని యేఱి విడదీసెను. ఇది కేవలము వినోదము కాదు. 1950 దశాబ్దము చివర థాలిడోమైడు అను నిద్రమందును గర్భిణీ స్త్రీలకు వేవిళ్లకై యిచ్చిరి. కాలుచేతులు సరిగ లేని శిశువులు వేలకొలది పుట్టిరి. ఆ మందు కుడి యెడమ రూపముల మిశ్రమము. ఒక రూపమునే యిచ్చినను ఆపద తప్పెడిది కాదు. ఏలయన శరీరములో నొకటి రెండవదానిగ మాఱును.

ఆ మందు నమెరికాలో నమ్ముటకు 1960లో అనుమతి కోరగా, ప్రభుత్వమువారి ఔషధశాఖలో క్రొత్తగా చేరిన ఫ్రాన్సెస్ కెల్సీ అను వైద్యురాలు, చూపిన యాధారములు చాలవని నిరాకరించెను. ఆమె చరిత్ర మన ప్రస్తుత విషయమునకు తగినది. ఆమె 1938లో ఔషధశాస్త్రమున పిహెచ్.డి. పొంది, 1950లో, ముప్పదియాఱవ యేట, వైద్యపట్టము గైకొనెను. ముందు చదివిన చదువు ఆమెకు వృథా కాలేదు. ఎందఱో తల్లుల కదియే రక్ష యయ్యెను.

చదువవలసిన తీరు

నాకు మేలుచేసిన పద్ధతు లివి. మొదటిది, పుస్తకము మూసి చేతితో గీయుట. చూచి యర్థమయినదనుకొనుట వేఱు, గీయగలుగుట వేఱు. రెండవది, అణువులను చేతితో కట్టిచూచుట. అంగడిలో నమూనా పెట్టెలు దొరకును గాని, నేను నానిన సెనగలు, చీపురుపుల్లలు తీసికొని వంటయింటి బల్లమీదనే కట్టితిని. మా చిన్నవాడు సగము సెనగలు తినివేసెడివాడు. మూడవది, ప్రతిదినము గంటసేపు చదువుట. ఆదివార మొక్కనాడు ఏడుగంటలు కూర్చుండుటకంటె నది మేలు. నాలుగవది, జవాబు చూడకముందు ప్రశ్నతో పెనగులాడుట. అయిదవది, ఆమ్లక్షారముల పాఠమును తిరిగి మొదటినుండి చదువుట. అది కుదిరినవారికి తక్కినది సగము కుదిరినట్లే. ఆఱవది, ఉద్యోగము చేయుచున్నవారు ఈ శాస్త్రముతోపాటు మఱియొక కఠినశాస్త్రము నెత్తికెత్తుకొనకుండుట.

ఏడవది, అభిమానము విడుచుట. నాకంటె పదునైదేండ్లు చిన్నవారు నన్ను పేరుపెట్టి పిలుచుచుండిరి. మన యలవాటుచేత మొదట చెవికి కష్టముగ నుండెను. కాని సాధారణ రసాయనము వారికి నిన్న చదివినట్లు జ్ఞాపకముండెను; నాకు కాలమును పంచుకొని పనిచేయుట తెలిసియుండెను. కలిసి చదువగా ఇరువురకును లాభమయ్యెను. సంవత్సరాంతమున నాకు మొదటి శ్రేణి రాలేదు, చాలినంత వచ్చినది. ఇప్పుడు వైద్య కళాశాలలో రెండవ సంవత్సరము చదువుచున్నాను.

ఇది నిజముగ నవసరమా?

మంచి వైద్యుడగుట కీ శాస్త్రము కావలయునా యని పెద్దలే సందేహించిరి. న్యూయార్కులోని మౌంట్ సైనాయి వైద్య కళాశాలవారు 1987 మొదలు, సాహిత్యాదులు చదువు కొందఱు విద్యార్థులను కర్బన రసాయనము, భౌతికశాస్త్రము, ఎంకాట్ లేకయే చేర్చుకొనసాగిరి. వారు తక్కినవారితో సమానముగనే రాణించిరని 2010లో ముల్లర్, కేస్ అనువారు ప్రకటించిరి. 2015లో మార్చిన ఎంకాట్ పరీక్షలో జీవరసాయనమునకు ప్రాధాన్యము పెరిగి, మనస్తత్వ, సమాజశాస్త్రములు చేరినవి. కొన్ని కళాశాలలు రెండవ భాగమునకు బదులు జీవరసాయనము నంగీకరించుచున్నవి. కళాశాల కళాశాలకు నిబంధనలు మాఱును గనుక ముందే విచారించుట యుక్తము. కావున నిందు తక్కువ మార్కులు వచ్చినవారు తాము దయకును, తెలివికిని తగనివారమని క్రుంగనక్కఱలేదు. అయినను ద్వారము నిలిచియున్నంతవఱకు దానిగుండ పోవలెను. పోయినవాడు వట్టిచేతులతో పోడు.

మన తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావుగారి మార్గము దీనికి విలోమము. 1895లో భీమవరమున జన్మించిన యీయన మెట్రిక్యులేషను పరీక్షలో మూడవ పర్యాయమున గాని యుత్తీర్ణులు కాలేదు. చెన్నపట్టణమున వైద్యము చదివి, అమెరికా వెళ్లి, రసాయనములో దిగిరి. 1925లో ఫిస్కేతో కలిసి, శరీరద్రవములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. లెడర్లీ పరిశోధనశాలలో వారి యాధ్వర్యమున జరిగిన కృషివలన బోదకాలు వ్యాధికి డైఇథైల్‌కార్బమజైను అను మందు లభించినది. గోదావరి తీరపు గ్రామములలో ఆ వ్యాధి నెఱుగనివా రెవరు?

తల్లిదండ్రులకు విన్నపము

ఈ మార్గము ఖరీదు దాచుట ధర్మము కాదు. ముప్పదిరెండవ యేట నారంభించినవారికి విజ్ఞానపాఠములకు రెండేండ్లు, దరఖాస్తున కొకయేడు, వైద్య కళాశాలలో నాలుగేండ్లు, ఆపై ఆసుపత్రి శిక్షణలో మూడేండ్లకు తక్కువ కాదు. అనగా నలుబదిరెండేండ్లు వచ్చును. అప్పును పెరుగును. అమెరికాలో శాశ్వత నివాసపు హక్కు లేనివారిని చేర్చుకొను కళాశాలలు కొద్ది. మన దేశమునను 2022లో నీట్ పరీక్షకు గరిష్ఠ వయోపరిమితి తొలగింపబడినది గాని, పోటీ మిక్కుటము.

అయినను ఒక్కమాట. నలుబదిరెండేండ్లు ఎట్లును వచ్చును. వైద్యురాలనై యున్నను, లేకున్నను వచ్చును. ఈ లెక్కను నాకు చెప్పినది మా అమ్మగారు. ఆమె చదివినది అయిదవ తరగతి.